రాత్రిపూట నొప్పికి నర్సు కావాలి
(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలిచ్చే మనిషిని కాను, నర్సును. మాది నల్లగొండ వైపు పల్లె. పాతబస్తీలో నయంకాని జబ్బులున్న వారి ఇళ్ళకు వెళ్ళి సేవ చేయటం నా పని. వచ్చిన కొత్తలో ఇక్కడి ఉర్దూ రాదు. దర్ద్, నీంద్, పానీ అనే మూడు మాటలతో మొదలుపెట్టాను. ఇప్పుడు చాలా ఇళ్ళలో నన్ను బేటీ అంటారు. ఆ చనువుతోనే నాలుగు మాటలు చెబుతాను.

యాకుత్‌పురాలో కార్‌చోబ్ పనిచేసే ఒకాయన ఉండేవారు. నోటి క్యాన్సర్. ఇక నయం కాదని డాక్టర్లు చెప్పి, నొప్పికి మార్ఫిన్ మాత్రలిచ్చి ఇంటికి పంపారు. పగలు మేము వెళ్ళి పుండు కడిగి, కట్టు మార్చి వచ్చేవాళ్ళం. ఒక రాత్రి ఒంటిగంటకు నొప్పి భరించలేనంతగా వచ్చింది. ఆ గల్లీలోకి అంబులెన్స్ పట్టదు. కొడుకులిద్దరూ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చి, ఆటోలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రక్తపరీక్షలు చేశారు, సెలైన్ పెట్టారు. ఫజర్ అజాన్ వేళకు ఇల్లు చేరారు. చేతిలో చీటీ మీద పాత మందులే వాడమని రాసి ఉంది.

మర్నాడు నేను వెళ్ళి మాత్రలు లెక్కపెట్టాను. ఉండాల్సిన దానికంటే ఎక్కువ మిగిలాయి. ఆయన భార్యను నేను ఆపా అంటాను. ఆపా మెల్లగా అన్నారు: "నషా అలవాటవుతుందేమోనని భయమేసింది బేటీ, రాత్రి మాత్రలు ఆపేశాను." తప్పు ఆమెది కాదు. ఆ అనుమానం రాత్రిపూట అడగటానికి ఆమెకు ఎవరూ లేరు.

మామూలు మార్ఫిన్ మాత్ర సుమారు నాలుగు గంటలు పనిచేస్తుంది. అందుకే నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి ఇవ్వాలి. మధ్యలో నొప్పి లేస్తే అదనంగా ఎంత వేయాలో డాక్టరు ముందే రాసి పెడతారు. మలబద్ధకం రాకుండా మరో మందు తప్పనిసరి. నషా సంగతి మొహల్లా మస్జిద్ ఇమామ్ సాబ్‌ను ఆపా కొడుకు అడిగి వచ్చాడు. డాక్టరు చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే అది మందేనని ఆయన చెప్పారు. ఆ మాటతో ఇంట్లో భయం సగం పోయింది.

ఆ రోజు ఆపాకు నా నంబరు ఇచ్చాను. మూడో రాత్రి ఫోన్ వచ్చింది. చీటీలో రాసిన అదనపు మాత్ర వేయమన్నాను. తలగడలు పెట్టి ఎత్తుగా కూర్చోబెట్టమన్నాను, ముఖానికి ఫ్యాను గాలి తగిలేలా చూడమన్నాను. ముప్పావుగంట తర్వాత నేనే తిరిగి ఫోన్ చేశాను. "నిద్రపోయారు" అన్నారు ఆపా. ఆ రాత్రి ఆటో అక్కర్లేకపోయింది.

మన నగరంలో ఈ సేవ లేదని కాదు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. రోటరీ వారు 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పీస్ ఖాజాగూడలో నడుస్తోంది. రాష్ట్ర ప్రభుత్వం జిల్లాల్లో కేంద్రాలు పెట్టి, ఆలన పేరుతో ఇళ్ళకు వాహనాలు పంపుతోంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించాక మార్ఫిన్ దొరకటానికి దారి సులువైంది. సాథ్-సాథ్ అనే జాతీయ ఉచిత ఫోన్ సేవ కూడా ఉంది, కానీ అది ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకే. ఇళ్ళకు వెళ్ళే సేవలు ఎక్కువగా పగటిపూటవే. ఊపిరాడకపోవటం, కలవరింతలు, ఆఖరి ఘడియ మాత్రం వేళ చూసుకుని రావు.

కేరళను చూడండి. 1993లో కోజికోడ్‌లో కొందరు డాక్టర్లు మొదలుపెట్టిన పనిని తర్వాత మలప్పురం వంటి జిల్లాల్లో సామాన్యులే భుజాన వేసుకున్నారు. చిన్నచిన్న చందాలతో నర్సులకు జీతాలిచ్చారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దీన్ని తన విధానంగా ప్రకటించింది. అంటే ముందు మొహల్లా కదిలింది, తర్వాత సర్కారు వచ్చింది.

ఇది మీకు కొత్త పాఠం కాదు. దైవప్రవక్త (స) కాలంలో మదీనాలో రుఫైదా (రజి) అనే మహిళ మస్జిద్ దగ్గర గుడారం వేసి, గాయపడినవారికి సేవ చేశారని మీ పెద్దలే నాకు చెప్పారు. రోగిని పరామర్శించటం మీ దగ్గర మర్యాద మాత్రమే కాదు, పుణ్యకార్యం కూడా.

దాతలకు నా విన్నపం ఇదే. మంచాలు, వీల్‌చైర్లు, అంబులెన్సులు ఇస్తున్నారు, సంతోషం. ఈ ఏడాది రాత్రిని కూడా దత్తత తీసుకోండి. వంతులవారీగా రాత్రి డ్యూటీ చేసే నర్సులకు జీతం కావాలి. పర్దా పాటించే ఇళ్ళకు ఆడ నర్సే వెళ్ళాలి. ఆమె అర్ధరాత్రి గల్లీలో ఒంటరిగా నడవకూడదు కాబట్టి నమ్మకమైన ఆటో, తోడుగా ఒక మనిషి కావాలి. ఎత్తి తీరే ఫోన్, దాని వెనుక సలహా ఇచ్చే డాక్టరు ఉండాలి. వీటిలో దేనికి జకాత్ వర్తిస్తుందో, దేనికి సదఖా ఇవ్వాలో మీ ఉలమాలను అడగండి. ఇలాంటి ఖర్చుకు ఫలకం మీద పేరు రాయటానికి గోడ ఉండదు. అది నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను.

ఆపా భర్త కొన్నాళ్ళకు రాత్రిపూటే వెళ్ళిపోయారు. ఆస్పత్రి వరండాలో కాదు, తన మంచం మీద. కొడుకులు ఆయన్ని ఖిబ్లా వైపు తిప్పారు. ఆపా పెదవులకు జమ్‌జమ్ తడిపారు. చెవి దగ్గర కలిమా చదివారు. నేను చేసింది ఊపిరిలో గురగుర తగ్గేలా తల ఒక పక్కకు సర్దటం, "ఆయనకు నొప్పి లేదు ఆపా" అని చెప్పటం, అంతే. ఆ మాట చెప్పేందుకు ప్రతి గల్లీకీ ఒక మనిషి ఉండాలి.