చెడ్డర్ గ్రామం పాల లెక్క

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



సహకారం గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా మేము రోచ్‌డేల్ నేతపనివారినో, ఆనంద్ రైతులనో తలచుకోవడం పరిపాటి. ఈ పూట ఇంగ్లండుకు నైరుతి మూలనున్న సోమర్సెట్ అనే పాడిసీమను గురించి ముచ్చటిస్తాము. మన సంఘంలో రోజూ జరిగే పనికీ, ఆ సీమ చరిత్రకూ దగ్గర పోలిక ఉంది.

సోమర్సెట్‌లో ఒక పక్క మెండిప్ అనే సున్నపురాతి కొండలు, వాటి దిగువన లెవెల్స్ అనే పల్లపు భూములు ఉన్నాయి. ఒకప్పటి చిత్తడి నేలలకు కాలువలు తవ్వి, నీటిని మళ్ళించి, పచ్చిక బయళ్ళుగా మార్చుకున్నారు. వానలు మెండు, చలి మరీ తీవ్రం కాదు. అందువల్ల గడ్డి బాగా పెరుగుతుంది, ఆవులు బాగా పాలిస్తాయి. యాపిల్ రసాన్ని పులియబెట్టి సైడర్ అనే పానీయం చేయడం, విల్లో కొమ్మలతో బుట్టలల్లడం, కొండరాయి కొట్టడం కూడా అక్కడి పాత వృత్తులే. స్ట్రీట్ అనే ఊళ్ళో 1825లో క్లార్క్ సోదరులు ప్రారంభించిన చెప్పుల పరిశ్రమ లోకప్రసిద్ధమైంది. ఇప్పుడు తయారీ విదేశాలకు తరలిపోయింది. పాడి మాత్రం నిలిచింది.

ఆ కొండల అంచున చెడ్డర్ అనే గ్రామం ఉంది. చెడ్డర్ చీజ్ పేరు అక్కడిదే. చీజ్ అంటే మన ముర్రుపాల జున్ను కాదు. పాలను విరగబెట్టి, నీరు వార్చి, ఆ గడ్డను ముక్కలుగా కోసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, తిరగవేస్తూ ఇంకా నీరు దిగనిస్తారు. తరువాత ఉప్పు కలిపి, బరువుపెట్టి అదిమి, నెలల తరబడి మాగబెడతారు. పది లీటర్ల పాలకు సుమారు ఒక కిలో చీజ్ వస్తుంది. పెద్ద చీజ్ చేయాలంటే ఒకటి రెండు ఆవులున్న రైతుకు సాధ్యం కాదు.

చెడ్డర్ రైతులు దానికి ఉపాయం కనిపెట్టారు. డేనియల్ డీఫో అనే రచయిత 1720 దశకంలో ప్రచురించిన తన దేశయాత్రా గ్రంథంలో దానిని వర్ణించాడు. ఊరి ఆవులన్నీ ఉమ్మడి పచ్చికలో మేసేవి. ప్రతిరోజూ పాలన్నీ ఒక ఉమ్మడి గదికి చేరేవి. ఊరివారు నమ్మి నియమించిన మనుషులు ఎవరి పాలు ఎన్నో కొలిచి పుస్తకంలో రాసేవారు. పూటకు వచ్చిన పాలన్నీ కలిపి ఒకే చీజ్ చేసేవారు. తన లెక్క ఒక చీజుకు సరిపోయిన రైతుకు ఒక చీజ్ ఇచ్చేవారు. ఎక్కువ ఆవులున్నవాడికి తొందరగా, తక్కువ ఉన్నవాడికి ఆలస్యంగా వచ్చేది. కాని చిన్న రైతుకు దక్కేదీ పెద్ద రైతుకు దక్కినంత మేలైన సరుకే. చెషైర్ చీజ్ పౌను రెండు, రెండున్నర పెన్నీలు పలుకుతుంటే చెడ్డర్ చీజ్ ఆరు నుంచి ఎనిమిది పెన్నీలు పలికేదని ఆయన రాశాడు. అంటే దాదాపు మూడింతలు!

సోదరులారా! అప్పటికి సహకార చట్టం లేదు, రిజిస్ట్రారు లేడు, ఆడిటరు లేడు. ఉన్నవి కొలపాత్ర, పుస్తకం, ఆ రెంటినీ పట్టుకున్న మనిషి మీద ఊరికి గల నమ్మకం. ఆ మూడింటిలో ఏ ఒక్కటి చెడినా పాలు ఆ గదికి వచ్చేవి కావు.

తరువాత పందొమ్మిదో శతాబ్దంలో సోమర్సెట్ రైతు జోసెఫ్ హార్డింగ్ శుభ్రత, సరైన వేడి, సరైన సమయం అనే నియమాలతో చెడ్డర్ తయారీని ఒక పద్ధతికి తెచ్చాడు. స్కాట్లండు, అమెరికాల నుంచి వచ్చినవారికి దానిని దాచకుండా చూపించాడు. విద్య లోకమంతా పాకింది. దానితోపాటు పేరూ పోయింది. నేడు ఏ దేశంలో చేసినా చెడ్డర్ అనే అమ్ముతున్నారు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టు, సోమర్సెట్ గడ్డి వాసన ఎరుగని సరుకుకు కూడా ఆ పేరే. చివరకు 1996లో, ఆ నైరుతి ప్రాంతపు నాలుగు జిల్లాలలో అక్కడి పాలతోనే చేసినదానికి మాత్రం ‘వెస్ట్ కంట్రీ ఫామ్‌హౌస్ చెడ్డర్’ అనే పేరుకు చట్టరక్షణ లభించింది. విద్యను పంచడం మంచిదే, పేరును కూడా కాపాడుకోవాలి.

ఇక పాల ధర సంగతి. 1930 దశకపు మాంద్యంలో ధరలు పడిపోయి, కొనుగోలుదారులు ఒక్కొక్క రైతును విడిగా పిలిచి బేరమాడుతూ ఉంటే, 1933లో పాల మార్కెటింగ్ బోర్డు ఏర్పడింది. ఇంగ్లండు, వేల్సులలో రైతు ఎంత మారుమూల ఉన్నా అతని పాలను బోర్డు తీసుకునేది. వచ్చిన రాబడిని ఒకచోట చేర్చి ధర చెల్లించేది. అరవై ఏళ్ళు నడిచిన ఆ బోర్డును 1994లో రద్దుచేశారు. దాని స్థానంలో రైతులు మిల్క్ మార్క్ అనే సహకార సంస్థను పెట్టుకున్నారు. దాని బలం మరీ ఎక్కువని అభ్యంతరం వచ్చి, 2000లో అది మూడు ముక్కలైంది. అమ్మేవారు చీలిపోయారు, కొనే పెద్ద దుకాణాలు మాత్రం ఇంకా పెద్దవయ్యాయి. 2012లోను, 2015లోను గిట్టుబాటు ధర లేక అక్కడి రైతులు డెయిరీల ముందు, దుకాణాల గిడ్డంగుల ముందు ధర్నాలు చేశారు. ఎన్నో పాడి కొట్టాలు మూతపడ్డాయి.

తప్పంతా బయటివారిదే అనుకోరాదు. డెయిరీ ఫార్మర్స్ ఆఫ్ బ్రిటన్ అనే రైతుల సొంత సహకార సంస్థ 2009లో కూలిపోయింది. పెద్ద వ్యాపారాన్ని కొని, దాని భారం మోయలేకపోయింది. సభ్యులకు చివరి నెల పాల డబ్బులూ చిక్కుల్లో పడ్డాయి, పెట్టిన పెట్టుబడీ పోయింది. పెట్టుబడి తీర్మానం వచ్చినప్పుడు మహాజన సభలో చేయెత్తే ముందు లెక్కలు అడగడం అవిశ్వాసం కాదు, సభ్యుని బాధ్యత.

అయినా ఆ సీమ పాడిని వదులుకోలేదు. 1970లో పిల్టన్ గ్రామంలో ఒక పాడిరైతు తన పొలంలో సంగీతోత్సవం పెట్టాడు. ఒక పౌను టికెట్టు, పాలు ఉచితం! అదే నేడు జగత్ప్రసిద్ధమైన గ్లాస్టన్‌బరీ ఉత్సవం. ఆ పొలంలో ఆవులు ఇప్పటికీ ఉన్నాయి.

ఈ కథ నుంచి మనం పట్టుకెళ్ళవలసినవి మూడు. కొలతలో, వెన్న పరీక్షలో సభ్యునికి సందేహం మిగలరాదు. సంఘం పేరు మీద వెళ్ళే పాలలో చుక్క నీరు కలిసినా అది పదిమంది పేరుకు మచ్చ. ఎండకాలంలో నాలుగు డబ్బులు ఎక్కువిస్తానని వచ్చి, పాలు పొంగే రోజుల్లో ముఖం చాటేసే వ్యాపారి కోసం సంఘాన్ని వీడరాదు. విడిపోవడానికి ఒక్క రోజు చాలు. మళ్ళీ కూడబలుక్కోవడం ఎంత కష్టమో ఆ ఇంగ్లండు రైతులకు బాగా తెలుసు.