దుబాసీ చేసిన పని
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. గొప్పలేమీ లేవు గనుక నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

2004లో మన సంఘం ముప్ఫయ్యేళ్ల పండుగకు పూర్వ విద్యార్థుల జాబితా తయారుచేయాలనుకున్నాం. దానికి నేనొక చిన్న ప్రోగ్రాం రాశాను. మన తెలుగు మాస్టారు, అప్పటికే రిటైరయ్యారు, రెండు నెలలు మా ఇంటికొచ్చి అడ్మిషన్ రిజిస్టరు చూస్తూ 412 పేర్లు కొట్టారు. మా ఇంట్లోది విండోస్ ఎక్స్‌పీ. అందులో గౌతమి ఫాంటు ఉండేది, తెలుగు చక్కగా వచ్చేది. బడిలో ఉన్నది మాత్రం విండోస్ 98.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. విండోస్‌లో అక్షరాలతో చేసే ప్రతి పనికీ రెండు గుమ్మాలుంటాయి. ఒకటి పాత పద్ధతికి, రెండోది యూనికోడ్‌కు. 98లో ఆ రెండో గుమ్మం చాలాచోట్ల పేరుకే ఉండేది, తోస్తే తెరుచుకోదు. అందుకని 2001లో మైక్రోసాఫ్ట్ ఒక లైబ్రరీ ఇచ్చింది. ఆ ఫైలు పేరు యూనికౌస్. పేరులో ఆవులున్నాయని మేం నవ్వుకునేవాళ్లం. అది దుబాసీ లాంటిది. కొత్త విండోస్ అయితే పక్కకు తప్పుకుంటుంది. పాతదైతే యూనికోడ్ అక్షరాలను ఆ యంత్రానికి తెలిసిన కోడ్ పేజీలోకి మార్చి పాత గుమ్మంలోంచి పంపుతుంది.

బడి కంప్యూటరుకు తెలిసినది పశ్చిమ యూరప్ భాషల పేజీ, 256 గళ్లు. విండోస్‌లో తెలుగుకు అలాంటి పేజీ అసలు లేనేలేదు. దుబాసీకి తెలియని అక్షరం వస్తే ఏం చేస్తుంది? దాని బదులు ప్రశ్న గుర్తు పెడుతుంది. ఇంత తెలిసీ నేను ఆలోచించలేదు. ప్రోగ్రాం 98లో తెరుచుకుంది కదా, చాలనుకున్నాను.

ఫ్లాపీ పట్టుకెళ్లి తెరిచాను. తెర నిండా ప్రశ్న గుర్తులే. తెలుగు ఫాంటు లేదు గనుక అలా ఉందిలే అనుకుని, ఒకచోట సంవత్సరం దిద్ది సేవ్ కొట్టాను. ఇంటికొచ్చి చూస్తే ఎక్స్‌పీలోనూ ప్రశ్న గుర్తులే. ఇంట్లో కాపీ లేదు. ఫ్లాపీ ఒక్కటే.

రామారావు అన్న పేరు మనకు నాలుగక్షరాలు. యూనికోడ్‌లో గుణింతపు గుర్తులకు కూడా విడి సంఖ్యలుంటాయి గనుక ఆ పేరు ఎనిమిది ప్రశ్న గుర్తులయింది. అంకెలు మాత్రం క్షేమం. అడ్మిషన్ నంబర్లు, చేరిన సంవత్సరాలు చెక్కుచెదరలేదు.

మాస్టారికి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆయన కాసేపు తెరకేసి చూసి, "నంబర్లున్నాయి కదరా, రిజిస్టరూ ఉంది. రేపు పొద్దున్నే వస్తా" అన్నారు. వచ్చారు. ఈసారి నేను చదువుతుంటే ఆయన కొట్టారు. ఒక్కో పేరు దగ్గర ఆగి, ఆ పిల్లవాడు ఏ ఊరినుంచి నడిచొచ్చేవాడో, ఎవరు ఫీజు కట్టలేక మానేశారో చెప్పేవారు. మొదటిసారి ఆయన ఒక్కరే కొట్టినప్పుడు ఆ సంగతులేవీ నేను వినలేదు.

1993లో మొదలైన వైన్ అనే మరో దుబాసీ ఉంది, విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపిస్తుంది. 1.0 అనిపించుకోవడానికి దానికి పదిహేనేళ్లు పట్టింది. ఆ పాత ప్రోగ్రాంను నేనిప్పుడు దానిలోనే తెరుస్తున్నాను. మీ చేతిలోని సంచిక చివర అచ్చయిన జాబితాలో మొదటి 412 పేర్లూ మాస్టారు రెండోసారి కొట్టినవే.