బండికి ఆయిలు చూశారా?

(రాత్రి బడిలో చేసిన ప్రసంగం)

అక్కలారా, చెల్లెళ్ళారా, అమ్మలారా!

ఈ రోజు మోటారు సైకిలు గురించి మాట్లాడుకుందాం. "బండి మగవాళ్ళది, మాకెందుకు?" అని నవ్వుతున్నారా? మరి ఆ బండి చెడిపోతే నష్టం ఎవరికి? మన ఇంటికే గదా!

మా ఇంటి సంగతే చెబుతాను. మా నాన్న పాత బండి మీద పాల క్యాన్లు పెట్టుకొని టౌనుకు పోయేవాడు. ఒక ఎండాకాలం దారి మధ్యలో ఇంజను పట్టేసింది. ఆ రోజు పాలన్నీ విరిగిపోయాయి. "లోపల ఆయిలు చుక్క లేదు. పిస్టను పాడైంది" అన్నాడు మెకానిక్. బాగుచేయించడానికి అమ్మ చెవి కమ్మలు కుదువ పెట్టింది. వాటిని విడిపించడానికి ఏడాది పట్టింది.

తప్పు బండిది కాదు. ఇంట్లో ఒక్కరమైనా ఆయిలు చూడలేదు. అప్పటి నుంచి మా అమ్మే చూస్తుంది. నేనూ ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ముందు మన బండి ఏ రకమో తెలుసుకోవాలి. పాత టీవీఎస్ 50 రెండు స్ట్రోకుల బండి. దానికి పెట్రోలులోనే ఆయిలు కలుపుతారు. 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100, తరువాత వచ్చిన స్ప్లెండర్ నాలుగు స్ట్రోకుల బండ్లు. వీటిలో ఆయిలు ఇంజను లోపల వేరుగా ఉంటుంది. ట్యాంకు నిండా పెట్రోలు ఉన్నా ఆయిలు అయిపోవచ్చు. ఇది మరవకండి.

ఈ నాలుగు స్ట్రోకుల బండికి ఆయిలు ఎలా చూడాలి?

కొంగు నడుముకు దోపుకోండి. చదునైన చోట బండికి సెంటరు స్టాండు వేయండి. ఇంజను రెండు మూడు నిమిషాలు నడిపి ఆపండి. మరో రెండు మూడు నిమిషాలు ఆగండి. ఇంజనుకు ఒక పక్కన ఆయిలు మూత ఉంటుంది. తిప్పి తీయండి. పొగ గొట్టం వేడిగా ఉంటుంది, చేయి తగలనివ్వకండి.

మూతకు చిన్న పుల్ల ఉంటుంది. దాన్ని గుడ్డతో తుడవండి. మళ్ళీ లోపల పెట్టండి. బిగించవద్దు, ఊరికే ఆనించి తీయండి. పుల్ల మీద రెండు గీతలు కనిపిస్తాయి. ఆయిలు తడి ఆ రెండు గీతల నడుమ ఉండాలి. కింది గీతకు తగ్గితే పోయాలి. పై గీత దాటకూడదు. అంతే! పప్పు ఉడికేలోగా అయిపోయే పని.

గొట్టం నుంచి నీలి పొగ వస్తోందా? ఆయిలు కాలిపోతోందన్నమాట. ఆలస్యం చేయక మెకానిక్‌కు చూపించండి.

చైను కూడా చూడాలి. పైకీ కిందికీ కదిపితే అంగుళం దాకా ఆడవచ్చు. మరీ వదులైతే బిగించాలి. ఇంజను నడుస్తుండగా మాత్రం చైను ముట్టుకోవద్దు. వేళ్ళు పోతాయి.

తీసేసిన పాత ఆయిలును కాలువలో పోయకండి. డబ్బాలో పట్టి మెకానిక్‌కు ఇవ్వండి.

ఇక చివరి మాట. మా అమ్మ కూడా పెద్దయ్యాకే చదువు నేర్చింది. బండి కోసం ఒక నోటు పుస్తకం పెట్టింది. ఆయిలు మార్చిన తేదీ, మీటరు అంకె, అయిన ఖర్చు అందులో రాస్తుంది. మళ్ళీ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో బండితో ఇచ్చిన పుస్తకంలో చూసి అదీ రాస్తుంది. ఇప్పుడు మెకానిక్ అడిగితే నాన్న అమ్మ వైపు చూస్తాడు. అమ్మ పుస్తకం తెస్తుంది.

మీకూ అంకెలు వచ్చాయి. అక్షరాలు వచ్చాయి. రేపు పొద్దున మీ ఇంటి బండి మూత తీయండి. రెండు గీతలు చూడండి. ఏం చూశారో రాసుకొని బడికి తీసుకురండి. అందరం చదువుకుందాం.

సెలవు.