రోమముల రంగు – లేజరు చికిత్స
(చిలకలూరిపేటలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో మనము రహదారులనుగూర్చియు, మంచినీటినిగూర్చియు, ప్రత్తి, మిరప పైరుల తెగుళ్లనుగూర్చియు ముచ్చటించుకొనుట పరిపాటి. నేటి నా విషయము కొందరికి విడ్డూరముగ తోచవచ్చును. గడచిన వేసవిలో ఈ ప్రాంతపు గ్రామమొకదానికి వెళ్లినపుడు ఒక తల్లి నన్ను ప్రక్కకు పిలిచి యిట్లడిగినది: "అయ్యా, లేజరు పెట్టి గడ్డం మీది వెంట్రుకలు తీసేస్తారట గదా! మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. నాకూ ఉన్నాయి. మిరపకాయల డబ్బులు చేతికొచ్చాయి. ఇద్దరం చేయించుకోమంటారా?" కుమార్తె రోమములు నల్లనివి, తల్లివి నెరసి తెల్లబడినవి. ఒకే యింట పుట్టిన ఒకే ప్రశ్నకు సమాధానములు రెండు. అవి తెలియక కష్టార్జితమును వ్యర్థము చేసికొనువారు, ముఖముపై కాలిన మచ్చలు తెచ్చుకొనువారు కలరు. కావున ఈ నాలుగు మాటలు.

లేజరనగా ఒకే రంగుగల తీక్ష్ణమైన కాంతి. 1960లో అమెరికా శాస్త్రజ్ఞుడు థియోడర్ మైమన్ కెంపు కడ్డీతో మొదటి లేజరును వెలిగించెను. చుట్టునున్న చర్మమునకు హాని లేకుండ, కోరిన భాగమును మాత్రమే కాంతితో వేడిచేయు సూత్రమును 1983లో ఆండర్సన్, పారిష్ అను వైద్యులు వివరించిరి. రోమమునకు నలుపునిచ్చు పదార్థము పేరు మెలనిన్. అది కాంతిని గ్రహించి వేడెక్కును. ఆ వేడికి రోమపు కుదురు దెబ్బతినును. మన నల్లరేగడి నేల ఎండకు కాలునట్లు తెల్లని దూది కాలదు గదా! ఇందలి కిటుకంతయు అదియే.

కావున నల్లని, ముదురు గోధుమరంగు గల, మందమైన రోమములకు ఈ చికిత్స బాగుగ పనిచేయును. లేతరంగు రోమములపై ఫలితము తక్కువ. నెరసినవి, పచ్చనివి, ఎర్రనివి అయిన రోమములపై దాదాపు పనిచేయదనియే చెప్పవలెను. తెల్లవాటికి రంగు వేసికొని పోయినను ప్రయోజనము లేదు. చర్మము క్రింద నున్న కుదురు తెల్లగనే యుండును. అట్టివారికి ఎలక్ట్రోలిసిస్ అను పద్ధతి కలదు. సన్నని సూదిద్వారా విద్యుత్తును పంపి ఒక్కొక్క కుదురునే నశింపజేయుదురు. దీనికి రంగుతో నిమిత్తము లేదు. ఓర్పు మాత్రము కావలెను. కత్తిరించుకొనుటయు దోషము కాదు. గొరిగినచో రోమములు మందముగ పెరుగుననుట అపోహ.

రోమము తరువాత చూడవలసినది చర్మము. మనలో అనేకుల చర్మమునందును మెలనిన్ హెచ్చు. యంత్రమును సరిగా ఎన్నుకొననిచో కాంతి రోమమునకు బదులు చర్మమునే కాల్చును. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజరు తెల్లని చర్మము గలవారికి అనువైనది. చామనఛాయవారికి 810 నానోమీటర్ల ప్రాంతపు డయోడ్ లేజరును జాగ్రత్తతో వాడుదురు. నల్లని చర్మమునకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజరు అన్నిటికంటె క్షేమకరము. "నా చర్మమునకు ఏ యంత్రము వాడెదరు?" అని అడుగుట మన హక్కు. ముందుగా చిన్నచోట పరీక్షించి, కన్నులకు రక్షణ కల్పించిన పిమ్మటనే చికిత్స సాగవలెను.

మన ప్రాంతమునకు మరియొక చిక్కు కలదు. మిరప సొమ్ము చేతికి వచ్చు కాలమే ఎండలు మండు కాలము. కోతలలోను, కల్లములలోను కమిలిన చర్మముపై లేజరు ప్రయోగించినచో కాలిన గాయములు, మచ్చలు ఏర్పడు ప్రమాదము హెచ్చు. కమురు తగ్గువరకు కొన్ని వారములు ఆగవలెను.

ఒక్కపూటలో ముగియు పని కాదిది. రోమములన్నియు ఒకేసారి ఎదుగుదల దశలో నుండవు. ముఖమునకు నాలుగు నుండి ఆరు వారముల కొకసారి చొప్పున సాధారణముగా ఆరు నుండి ఎనిమిది పర్యాయములు అవసరమగును. ఆ నడుమ రోమములను పెరుకరాదు. ఇంత చేసినను కలుగునది చిరకాలపు తగ్గుదలయే గాని సంపూర్ణ నిర్మూలనము కాదు. ముఖముపై సన్నని నూగుకు లేజరు వాడినచో ఒక్కొక్కపుడు అది మరింత పెరుగుటయు కలదు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట. యువతుల గడ్డముపై ముదురు రోమములు పెరుగుచు ఋతుక్రమము తప్పుచున్నచో, అండాశయములలో నీటిబుడగల వ్యాధి యను పీసీఓఎస్ కారణము కావచ్చును. అకస్మాత్తుగ రోమములు పెరిగి కంఠస్వరము మారినచో ఆలస్యము చేయరాదు. కారణమును విడిచి రోమమును మాత్రమే కాల్చినచో అది మరల పెరుగును. కావున మొదట చూడవలసినది వైద్యుని, పిదప యంత్రమును. మనకు గుంటూరు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో చర్మవ్యాధుల విభాగము కలదు.

ఆ తల్లితో నేనీ మాటలే చెప్పితిని. అమ్మాయిని ముందుగా వైద్యునకు చూపి, ఎండల పిమ్మట లేజరు మాట తలపెట్టుమంటిని. "నీకు మాత్రము లేజరు వలదమ్మా" యంటిని. "పోన్లెండి, సగం డబ్బు మిగిలింది!" అని ఆమె నవ్వినది.

సభ్యులారా! సిగ్గుచేత మన ఆడపడుచులు ఈ బాధను బయటికి చెప్పరు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘమునందు మీరీ విషయమును ప్రస్తావింపుడు. ఆశా కార్యకర్తలద్వారా ఇంటింటికి తెలియజేయుడు. పెండ్లిచూపులలో ఆడపిల్ల గడ్డమును చూచి నవ్వువారిని మందలింపుడు. అందులకు ఏ యంత్రమును అవసరము లేదు.

జై హింద్.