'అనుభవం' అన్న గడిలో ఏం రాయాలి?

(ఆత్మకూరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సోమశిల నుంచి వచ్చిన ఒక సోదరి పొద్దున నాకొక దరఖాస్తు చూపించారు. ఆమెకు 38 ఏళ్ళు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కంప్యూటర్ నేర్చుకుని, డేటా ఎంట్రీ ఉద్యోగానికి పెట్టుకుంటున్నారు. 'అనుభవం' అన్న గడిలో అడ్డగీత గీశారు. "ఏం రాసేది మేడమ్, నేను యాడా పని చెయ్యలేదు గదా" అన్నారు.

మాటల్లో తేలిందేమిటంటే, 11 ఏళ్ళుగా పొదుపు సంఘం లెక్కలు ఆమే రాస్తున్నారు. వాయిదాలు, వడ్డీలు, బ్యాంకు నిల్వ అన్నీ ఆమె చేతిమీదే. తేడా వస్తే అది దొరికేదాకా నిద్రపోరు. ఇది పని కాకపోతే మరేది పని? నేనూ తక్కువ తినలేదు. సర్వేలకు వెళ్ళినప్పుడు ఇలాంటి స్త్రీల పేర్ల పక్కన 'గృహిణి' అని రాసి పేజీ తిప్పినదాన్నే.

నెల్లూరు జిల్లాలో ఈ అడ్డగీత మరీ అన్యాయం. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో పెద్ద వయసు స్త్రీలు పలక పట్టారు. దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డ కథ వాచకంలో పాఠమై ఊరూరికీ చేరింది. ఆ పోరాటం వల్లనే 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆపైన రోజుకో రూపాయి పొదుపు సంఘాలు వచ్చాయి. వాళ్ళెవరికీ ముందస్తు అనుభవం లేదు.

వరంగల్ ప్రాంతపు అనిలా జ్యోతిరెడ్డి గురించి వినే ఉంటారు. 5 రూపాయల కూలికి పొలం పనులు చేశారు, రాత్రిబడిలో చదువు చెప్పారు. 1994లో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ తీసుకున్నారు. 2000లో, 30 ఏళ్ళ వయసులో అమెరికా వెళ్ళి, చిన్నాచితకా పనులు చేసి, సాఫ్ట్‌వేర్ రంగంలో అడుగుపెట్టి ఫీనిక్స్‌లో సొంత సంస్థ స్థాపించారు. దీన్ని పట్టుదల కథగానే చెబుతారు. నిజమే. కానీ చదువు ఆగిపోయిన ఆడమనిషిని మళ్ళీ చేర్చుకునే విశ్వవిద్యాలయం ఒకటి అప్పటికి ఉంది. ఆ తలుపే లేకపోతే ఒక్క పట్టుదల ఏం చేయగలదు?

లెక్కలు వచ్చినంత మాత్రాన కంప్యూటర్ వచ్చినట్టు కాదు. అది నేర్చుకోవాల్సిందే, ఆమె నేర్చుకున్నారు. మనం చేయాల్సినవి మూడున్నాయి. సంఘంలో ఎవరు ఏ పని ఎన్నేళ్ళు చేశారో కాగితం మీద రాసివ్వాలి. శిక్షణ వేళలు ఊరి బస్సులకు కుదరాలి, చంటిబిడ్డల తల్లులకు అక్కడే ఏర్పాటు ఉండాలి. 'అనుభవం వస్తుందిలే' అని జీతం లేకుండా నెలల తరబడి చాకిరీ చేయించుకుంటే ఒప్పుకోకూడదు.

మధ్యాహ్నం మేమిద్దరం ఆ అడ్డగీత కొట్టేసి, 'పొదుపు సంఘం లెక్కల నిర్వహణ, 11 ఏళ్ళు' అని రాశాం. ఉద్యోగం వస్తుందో రాదో నేను చెప్పలేను. ఆ మాట నిజమేనని సంతకం పెట్టి ముద్ర వేయాల్సింది మాత్రం ఇక్కడ కూర్చున్న మీరే.