సముద్రతీరానికి చవక కెమెరా

అండమాన్ లాంటి ఉష్ణమండల తీరాల్లో చిన్న కెమెరాను ఎక్కువగా పాడుచేసేది ఇసుకే. ఆన్ చేయగానే ముందుకు పొడుచుకొచ్చే లెన్స్ సందుల్లో రేణువు ఇరుక్కుంటే లెన్స్ మళ్లీ లోపలికి పోదు. చవక కెమెరాకు ఆ మరమ్మతు గిట్టుబాటు కాదు. అందుకే లెన్స్ కదలికంతా లోపలే జరిగే వాటర్‌ప్రూఫ్ రకం మేలు. కొడాక్ పిక్స్‌ప్రో డబ్ల్యూపీజెడ్2 ఈ కోవలో అందుబాటు ధరది. 15 మీటర్ల లోతు వరకూ నీటిని తట్టుకుంటుంది, 4 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉంది. 2019లో వచ్చిన ఒలింపస్ టఫ్ టీజీ-6 కూడా అంతే లోతుకు పనికొస్తుంది. దాని ఎఫ్/2.0 లెన్స్ మసక వెలుతురులో మెరుగు, ధర మాత్రం ఎక్కువ.

పెట్టె మీది డిజిటల్ జూమ్ అంకెను పట్టించుకోనక్కర్లేదు. అది బొమ్మను కత్తిరించి పెద్దది చేయడమే. ఎక్స్‌పోజర్ సరిదిద్దే సదుపాయం మాత్రం ఉండి తీరాలి. తెల్లని ఇసుక మెరుపుకు కెమెరా వెలుగు తగ్గించేస్తుంది, ముఖాలు నల్లబడతాయి. అప్పుడు ప్లస్ వైపు కాస్త జరపాలి.

ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాను కొంతసేపు మూసిన సంచిలోనే ఉంచితే లెన్స్‌పై ఆవిరి పట్టదు. సముద్రంలో వాడాక, మూతలు తీయకుండానే మంచినీటితో కడగాలి. బ్యాటరీ మూత రబ్బరు అంచున ఇసుక లేదని చూసుకున్నాకే మళ్లీ నీటిలో దించాలి.