ఒక యంత్రము – రెండు వ్యవస్థలు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. పాత కంప్యూటరు గలవారు దానిని విడువక, ప్రక్కనే లినక్స్‌ను కూడ నిలుపుకొన దలచుట సహజము. యంత్రమును తెరచునపుడు కోరిన వ్యవస్థను ఎన్నుకొనవచ్చును.

ఇది ఒకే ఇంటిని అన్నదమ్ములు పంచుకొనుట వంటిది. గోడ పెట్టుటకు ముందే సామాను భద్రపరచవలెను. ఛాయాచిత్రములకు, పత్రములకు వేరొక డిస్కులో నకలు తీసి, అది తెరచుకొనుచున్నదో లేదో చూడవలెను. బిట్‌లాకర్ తాళమున్నచో, యంత్రము ఎప్పుడైనను అడుగవచ్చును గనుక, దాని 48 అంకెల రికవరీ కీని కాగితముపై వ్రాసి ఉంచుకొనవలెను.

పిదప విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారానే దాని విభాగమును కుదించి, ఖాళీ జాగా విడువవలెను. ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయవలెను. అది ఉన్నంతవరకు, ఆర్పినను విండోస్ సగము నిద్రలోనే యుండును. ఆ స్థితిలో దాని విభాగమున లినక్స్ వ్రాసినచో అందలి సమాచారము చెడవచ్చును.

లినక్స్ స్థాపించునపుడు మొత్తము డిస్కును చెరిపివేయు మార్గమును ఎన్నుకొనరాదు. ఖాళీ జాగానే చూపవలెను. ఇరువురకు ఉమ్మడి వాకిలియైన ఈఎఫ్ఐ విభాగమును ఫార్మాట్ చేయరాదు.

తరువాత గడియారము అయిదున్నర గంటల తేడా చూపినచో భయపడనక్కరలేదు. యంత్రములోని గడియారమును విండోస్ స్థానిక కాలముగను, లినక్స్ విశ్వకాలముగను చదువుటయే కారణము. లినక్స్‌ను స్థానిక కాలమునకు మార్చిన చాలును.

నకలు చేతనున్నవారు పొరపాటు జరిగినను మరల మొదలిడగలరు. చెరిగిపోయిన పిల్లల ఛాయాచిత్రములను తిరిగి తెత్తునని ఏ నిపుణుడును మాట ఇయ్యలేడు.